దంపతులలో ఒకరికి శస్త్రచికిత్స: చింత వేళ శరణమార్గము

శ్రీ గురు బసవలింగాయ నమః

(గృహస్థులకు అభ్యాస పాఠము)

సంసారమును విడువక, సంసారమునందే శివుని కనుగొనవచ్చునని లోకమునకు చాటినది 12వ శతాబ్దిలో కల్యాణ పట్టణమున వెలసిన శరణ సముదాయము. బసవేశ్వరుడు స్వయముగా గృహస్థుడు. గంగాంబిక, నీలాంబిక ఆయన ధర్మపత్నులు. అయిదక్కి మారయ్య, లక్కమ్మ. మోళిగె మారయ్య, మహాదేవమ్మ. వారికంటె పూర్వులైన జేడర దాసిమయ్య, దుగ్గళె - ఇట్లు మన శరణులలో అనేకులు దంపతులుగనే స్మరింపబడుచున్నారు. కావున భార్యాభర్తల నడుమ పుట్టు భయము, దుఃఖము మన ధర్మమునకు వెలుపలి విషయములు కావు.

ఈ పాఠమున అట్టి భయమునొకదానిని విచారింతము. జహీరాబాదు ప్రాంతమున ఒక చిన్న వ్యాపారి కలడనుకొందము. వయస్సు 58 సంవత్సరములు. మెట్లెక్కునపుడు గుండెలో బరువు కనిపించినది. హైదరాబాదులో పరీక్షలు జరిగినవి. గుండెకు రక్తమునందించు నాళములు మూడుచోట్ల పూడినవనియు, బైపాస్ ఆపరేషను చేయవలెననియు వైద్యులు చెప్పిరి. ఆ మాట విన్న క్షణము నుండి రోగికంటె ఆయన భార్యకే నిద్ర కరవైనది. రోగికి మందు కలదు, మంచము కలదు, పలుకరించువారు కలరు. ప్రక్కన నిలిచినవారికి ఏమి కలదు? భార్యకు చికిత్స జరుగునపుడు భర్త స్థితియు ఇంతియే. ఈ పాఠము ఆ ప్రక్కన నిలిచినవారి కొరకు.

1. చింత భక్తిలోపము కాదు

ఇట్టి వేళ బంధువులు వచ్చి, "లింగధారికి భయమేమిటమ్మా? శివుని నమ్మలేదా?" అని పలుకుట కలదు. సదుద్దేశముతో పలికినదే యైనను, ఆ మాట ఒక బరువునకు రెండవ బరువును చేర్చును. అప్పటికే భయపడుచున్న ఇల్లాలు, భయపడినందుకు సిగ్గుపడుటకు కూడ మొదలిడును.

పాల్కురికి సోమనాథుడు తెలుగున రచించిన బసవపురాణమున బెజ్జమహాదేవి కథ కలదు. తల్లిలేని శివుని ఆమె తన బిడ్డగా భావించి పెంచినది. ఆ బిడ్డకు గొంతులో వ్యాధి సోకినట్లు తోచగా ఆమె తల్లడిల్లినది. సర్వేశ్వరునకే జబ్బు చేసినదని విలపించిన ఆ తల్లిని పురాణకర్త అవిశ్వాసిగా చూపలేదు. ఆమె తల్లడమునే భక్తిగా గ్రహించెను. ప్రేమ ఉన్నచోట కలవరము ఉండును. కలవరము పుట్టుట తప్పు కాదు. అది మన చేతులను కట్టివేసి, చేయవలసిన పనిని చేయనీయకుండుటయే కీడు.

చింతకును చింతనకును భేదమిదియే. చింత ఒకే ప్రశ్నను నూరుమార్లు అడుగును, జవాబు వెదకదు. చింతన ఒక్కమారడిగి, జవాబు తెలిసినవారి యొద్దకు నడచును.

2. వైద్యము శివసంకల్పమునకు విరోధము కాదు

దేహమును దేవాలయముగా భావించిన మార్గము మనది. ఆలయము కూలుచుండగా బాగుచేయింపక పూజమాత్రము చేయుట భక్తి అనిపించుకొనదు. తుమకూరు సిద్ధగంగా మఠాధిపతులు శ్రీ శివకుమార మహాస్వామివారు 1907లో జన్మించి 2019 జనవరి 21న లింగైక్యులైరి. 2018 డిసెంబరులో, 111 సంవత్సరముల వయస్సున, వారు చెన్నైలో శస్త్రచికిత్స చేయించుకొనిరి. అంతటి నిష్ఠాపరులకు వైద్యుని కత్తి శివద్రోహముగా తోచలేదు. బెళగావిలో 1916లో స్థాపితమైన కె.ఎల్.ఇ. సంస్థయు, మైసూరున సుత్తూరు మఠపు జె.ఎస్.ఎస్. విద్యాపీఠమును వైద్య కళాశాలలను, ఆసుపత్రులను నడుపుచుండుట మన సమాజమునకు సుపరిచితమే.

ఇక ముహూర్తముల మాట. "మూఢము పోవువరకు ఆగుదము", "అమావాస్య దాటనిండు" అని ఆపరేషనును వాయిదా వేయు కుటుంబములు నేటికిని కలవు. తిథి వార నక్షత్రముల భయమును బసవాది శరణులు నిరాకరించిరి. శివుని స్మరించిన గడియయే వారికి శుభఘడియ. వైద్యుడు కొన్ని వారములు ఆగవచ్చునన్నచో ఆగవచ్చును. ఆగరాదన్నచో పంచాంగము కొరకు ఆగుట ప్రాణముతో జూదము.

స్త్రీకి ఆపరేషను జరుగునపుడు గాజులు, మెట్టెలు, తాళి తీయుమందురు. ఇది అపశకునమని ఏడ్చువారు కలరు. కారణము తెలిసినచో భయము తగ్గును. రక్తస్రావమును ఆపుటకు విద్యుత్తుతో పనిచేయు పరికరమును వాడుదురు. శరీరమునంటిన లోహము వలన చర్మము కాలు ప్రమాదము కలదు. చేతులు వాచినచో గాజులు, ఉంగరములు బిగిసిపోవును. నగలయందు చేరిన మలినము గాయమునకు చెరుపు. తాళి కొన్ని గడియలు పెట్టెలో ఉన్నంతమాత్రమున దాంపత్యబంధము సడలదు. ఆ బంధము బంగారముతో పోసినది కాదు.

3. తనువు: తెలిసినవారి మాట వినుట

తనువును గురువునకు, మనస్సును లింగమునకు, ధనమును జంగమమునకు అర్పించుట శరణధర్మము. ప్రక్కన నిలిచినవారి చింతయు ఈ మూడు విధములుగనే ఉండును: "దేహమునకేమి జరుగును?" "నా మనస్సు నిలుచునా?" "ఖర్చెట్లు?" కావున ఈ మూడు అర్పణములనే మార్గముగా గైకొందము.

మొదటిది తనువు. అజ్ఞానమును పోగొట్టువాడు గురువు. దేహవిషయమున తెలిసిన వైద్యుని మాటను గురుమర్యాదతో వినవలెను. సందేహము కలిగినచో గురువునడిగినట్లే వినయముతో, జంకులేక అడుగవలెను. ప్రశ్నలను ఒక కాగితముపై వ్రాసికొని పోవుట మేలు. ఎందుకు చేయవలెను? చేయనిచో ఏమగును? వేరు మార్గము కలదా? ప్రమాదమెంత? ఎన్ని దినములుండవలెను? ఈ ఐదును ముఖ్యములు. ముందుగా నిర్ణయించి చేయు బైపాస్ ఆపరేషనులో ప్రాణాపాయము సాధారణముగా నూటికి ఒకటి మొదలు మూడు వరకని వైద్యులు చెప్పుదురు. వయస్సు, మధుమేహము, మూత్రపిండముల స్థితి, గుండె బలము - వీనిని బట్టి అది మారును. మీ వారి విషయమున ఎంత అనునది మీ వైద్యునే అడుగుడు.

బైపాస్ అనగా పూడిన చోటును దాటించి రక్తమునకు క్రొత్త దారి కల్పించుట. కాలినుండి తీసిన సిరను గాని, ఎదలోపలి ధమనిని గాని ఇందుకు వాడుదురు. రొమ్ముటెముకను నిలువుగా తెరచి, పని ముగిసిన పిదప సన్నని తీగలతో బిగింతురు. పెక్కు ఆపరేషనులలో ఆ సమయమున గుండెను నిలిపి, దాని పనిని యంత్రము చేయును.

మత్తు భయము మరియొకటి. 1846 అక్టోబరు 16న బోస్టన్ నగరమున ఈథర్ మత్తుతో శస్త్రచికిత్సను బహిరంగముగా చేసి చూపిరి. మత్తుమందు క్షేమమును పరిశోధించుటకు 1888, 1889 సంవత్సరములలో మన హైదరాబాదుననే నిజాము ప్రభుత్వ ఆశ్రయమున క్లోరోఫారం కమిషనులు పనిచేసినవి. నేడు మత్తు వైద్యునకు ఆపరేషను ముగియువరకు వేరు పని లేదు. నాడి, రక్తపుపోటు, రక్తములోని ప్రాణవాయువు - వీనిని ఎడతెగక కనిపెట్టుచుండుటయే ఆయన కాయకము.

4. ఇష్టలింగము, పాదోదకము: ముందుగా తేల్చుకొనవలసినవి

మన కుటుంబములలో ఇతరులెరుగని సంకటమొకటి కలదు. ఇష్టలింగమును అంగము నుండి వేరుచేయరాదు. ఆపరేషను గదిలోనికి దానిని తీసికొని పోవచ్చునా? ఈ ప్రశ్నను చివరి గడియ వరకు దాచి, స్ట్రెచరు కదలు వేళ నర్సుతో వాదులాటకు దిగుట రోగికిని, భార్యకును మహాక్షోభ. వారము దినముల ముందే ఇద్దరినడుగవలెను: శస్త్రవైద్యుని, మీ గురువును.

కోతపడు చోటికి దూరమైనచో, లోహపు లింగకాయ లేకుండ, శుభ్రమైన వస్త్రముతో ముంజేతికి కట్టుటకు కొందరు వైద్యులు సమ్మతింపవచ్చును. బైపాస్ వంటి ఆపరేషనులో కోత పడునది లింగముండు ఎదపైననే గనుక, అక్కడ ఉంచుట పొసగదు. వైద్యుడు వలదన్నచో గురువు అనుమతితో సహధర్మచారిణియే ఆ లింగమును చేతబట్టి కూర్చుండుట ఉచితము. ఇష్టలింగ, ప్రాణలింగ, భావలింగములను మూడును వేరు కావని మన శాస్త్రము. అరచేతి లింగము కొన్ని గడియలు భార్య అరచేతికి మారినను, ప్రాణలింగము రోగి ప్రాణమునందే ఉన్నది. దానిని ఏ వైద్యుడును తీయజాలడు. మెలకువ వచ్చి, వైద్యుడు అనుమతించినంతనే, చేతులు శుభ్రపరచుకొని తిరిగి ధరింపజేయవలెను. ఎం.ఆర్.ఐ. పరీక్షకు పోవునపుడు కూడ లోహపు లింగకాయను గూర్చి ముందే చెప్పవలెను.

రెండవది పాదోదక ప్రసాదములు. మత్తునకు ముందు ఆహారము సాధారణముగా 6 గంటలు, మంచినీరు 2 గంటలు మానవలెనందురు. కచ్చితమైన వేళను మత్తు వైద్యుడే చెప్పును. కారణము: మత్తులో కడుపులోనిది పైకి వచ్చి ఊపిరితిత్తులలో దిగినచో ప్రాణాపాయము. "ఒక ఉద్ధరిణెడు పాదోదకమే కదా, ఒక పలుకు ప్రసాదమే కదా" అని రహస్యముగా ఇచ్చుట ప్రేమ కాదు. ఉపవాసపు గడువు మొదలు కాకమునుపే పూజ ముగించి స్వీకరింపజేయవచ్చును. పిదప పాదోదకమును కన్నులకద్దిన చాలును. అట్లే మధుమేహపు మాత్రలను గాని, రక్తము పలుచబరచు మాత్రలను గాని మన ఇచ్చవచ్చినట్లు మానుటయు, వేయుటయు కూడదు. ఇంటిలో వాడుచున్న చూర్ణములు, లేహ్యములు సైతము వైద్యునకు చెప్పవలెను.

5. మనస్సు: నిరీక్షించు గడియలు

అన్నిటికంటె కష్టమైనది ఆపరేషను గది తలుపు మూసికొనిన పిదపటి కాలము. బైపాసునకు సాధారణముగా 3 మొదలు 6 గంటలు పట్టును. దీనికి ముందు మత్తు ఇచ్చు కాలము, తరువాత తీవ్ర చికిత్సా విభాగమునకు మార్చు కాలము అదనము. కావున చెప్పిన వేళ దాటినంతనే కీడు శంకింపరాదు. వార్త ఎవరు చెప్పుదురు, ఎచ్చట వేచియుండవలెను అను రెండు మాటలు ముందే అడిగి తెలిసికొన్నచో, తెల్లకోటు కనిపించినపుడెల్ల గుండె జారదు.

అయిదక్కి మారయ్య ఒకప్పుడు అనుభవగోష్ఠిలో మునిగి తన కాయకమును మరచియుండగా, లక్కమ్మయే జ్ఞాపకము చేసినదని ప్రసిద్ధి. గొప్ప తత్త్వచర్చ సైతము చేతిలోని పనిని మరపింపరాదని ఆమె భావము. చింత అంతకంటె గొప్పది కాదు గదా! నిరీక్షించువారికి ఆ దినపు కాయకమేమి? పంచాక్షరిని శ్వాసతో కలిపి మెల్లగా జపించుట ఒకటి. నెమ్మదిగా విడుచు ఊపిరి దడను తగ్గించును. ఇది దేహధర్మము కూడ. వేళకు నాలుగు మెతుకులు తినుట రెండవది. "ఆయన తినలేదు, నేనెట్లు తిందును?" అను ఉపవాసము రోగికి ఏమాత్రమును ఉపకరింపదు, సాయంకాలము కన్నులు తిరిగి పడిపోయిన భార్య మరియొక రోగి యగును. బంధువులకు ఫోనులో వార్త చెప్పు పనిని ఒక్కరికి అప్పగించుట మూడవది. ఇరువదిమందికి ఇరువదిమార్లు అదే కథ చెప్పుటతో మనస్సు అలసిపోవును.

మొదటిసారి లోనికి పోయి చూచునపుడు కనబడునది ముందుగా తెలిసియుండవలెను. నోటిలో శ్వాసగొట్టముండును గనుక మాటాడలేరు. ముఖము కొంత వాచియుండవచ్చును. ఎదనుండి, మూత్రమార్గమునుండి గొట్టములుండును, యంత్రములు కూయుచుండును. ఇవి అపాయ సూచనలు కావు, చికిత్సలోని భాగములు. చేయి పట్టుకొని పేరు పెట్టి పలుకుడు. బదులు రాకున్నను వినుచుండవచ్చును. పెద్ద వయస్సువారు కొన్ని దినములు పొంతన లేక మాటాడుట కలదు. అది ప్రాయికముగా తగ్గిపోవును. అయినను వైద్యునకు తెలుపవలెను.

6. ధనము: తీసికొనుటయు దాసోహమే

"ఇల్లు తాకట్టు పెట్టవలెనా?" అను భయము, ప్రాణభయము కంటె కొన్నిసార్లు ముందు నిలుచును, సిగ్గుతో ఎవరును చెప్పరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2007లో ఆరోగ్యశ్రీ పథకము ప్రారంభమైనది. నేడు తెలంగాణమున ఆ పేరుతోను, ఆంధ్రప్రదేశమున ఎన్.టి.ఆర్. వైద్య సేవ అను పేరుతోను నడచుచున్నది. ఆసుపత్రిలో చేరకమునుపే ఆ సహాయకేంద్రమున కార్డు చూపి, తమ చికిత్స అందు చేరినదా లేదా అని విచారింపవలెను. బీమా ఉన్నచో దాని షరతులను చదువగల యువకునకు ఆ పని అప్పగింపవలెను.

మారయ్య ఒకనాడు వాడుకకంటె ఎక్కువ బియ్యము ఏరి తెచ్చినపుడు, మనకు అక్కరకు మించినది వలదని లక్కమ్మ తిరిగి పంపిన కథ మనమెరిగినదే. ఆ కథను చెప్పి సహాయమునే నిరాకరించువారు కలరు. లక్కమ్మ వలదన్నది మిగులును, అక్కరను కాదు. ఇచ్చువాడు దాసోహి యైనచో, అక్కరవేళ అహంకారము విడిచి స్వీకరించుటయు ఆ దాసోహమును పూర్తి చేయుటయే. ధనమే ఇయ్యనక్కరలేదు. ఒకరు రాత్రి ఆసుపత్రిలో పండుకొందురు. ఒకరు పిల్లలకు వండి పెట్టుదురు. ఒకరు దుకాణము తెరతురు. ఆరోగ్యవంతులై, 18 సంవత్సరములు దాటి, 45 కిలోల బరువునకు తక్కువ కాని యువకులు రక్తమీయవచ్చును. మఠములందు అట్టి వారి పట్టికనొకదానిని సిద్ధపరచియుంచుట మాటలతో ఓదార్చుటకంటె మేలైన సేవ.

7. దంపతుల నడుమ సత్యము

భర్తకు భయము, భార్య ఎదుట నవ్వును. భార్యకు భయము; భర్త ఎదుట నవ్వును. ఇద్దరును ఒకే గదిలో ఒంటరులగుదురు. సతీపతుల భక్తి ఏకము కావలెనని శరణులు కోరిరి. ఆ ఏకత్వము పూజాగృహముతో ముగియదు. ఆపరేషనుకు ముందు ఒక సాయంకాలము బంధువులను కొంత దూరముంచి, ఇద్దరును కూర్చుండి, "నాకు భయముగా నున్నది" అని ఒకరితోనొకరు చెప్పుకొనుట మంచిది. అప్పుల వివరము, కాగితములున్న చోటు, పిల్లల విషయమున కోరిక - ఇవి అడుగుట అశుభము కాదు. చెప్పవలసినది చెప్పినవాడు తేలిక మనస్సుతో మత్తులోనికి పోవును. రోగికి తెలియనీయక అబద్ధములాడుటకంటె, ఆయన అడిగినంతమేర సత్యమును మృదువుగా చెప్పుట మేలు.

8. ఇంటికి వచ్చిన తరువాత

ఆసుపత్రినుండి ఇంటికి వచ్చుటతో చింత తీరునని అనుకొందుము. అప్పుడే క్రొత్త భయము మొదలగును: ఇచ్చట యంత్రము లేదు, నర్సు లేదు. రొమ్ముటెముక అతుకుటకు 6 మొదలు 12 వారములు పట్టును. అంతవరకు బిందె ఎత్తుట, స్కూటరు నడుపుట వలదు. దగ్గునపుడు ఎదకు దిండు అదుముకొనవలెను. జ్వరము, గాయమునుండి చీము, ఎముక కదలిన శబ్దము, ఆయాసము - వీనిలో ఏది కనిపించినను ఆలస్యము చేయక వైద్యునకు తెలుపవలెను.

కారణము లేక కన్నీరు, చికాకు, నిరుత్సాహము ఈ రోగులయందు తరచుగా కనిపించును. "ఇంత సేవ చేసితిని, నాపైననే కోపమా?" అని భార్య నొచ్చుకొనును. అది ఆమెపై కోపము కాదు, అలసిన దేహపు మాట. వారములు గడచినను తగ్గనిచో, లేక సేవచేయువారికే నిద్ర, ఆకలి నశించినచో, వైద్యుని ఆశ్రయింపవలెను. 2022లో ప్రారంభమైన టెలిమానస్ అను ప్రభుత్వ సేవయందు 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును. మనస్సునకు మందు వేసికొనుట దేహమునకు మందు వేసికొనుటకంటె తక్కువ గౌరవము కాదు.

9. కోరినట్లు జరుగనిచో

ఈ మాట వ్రాయక పాఠమును ముగించుట అసత్యమగును. పెక్కుమంది స్వస్థులై ఇల్లు చేరుదురు, కొందరు చేరరు. పూజ చేసితిమి గనుక శివుడు బ్రదికింపవలెనని బేరమాడుట భక్తి కాదు. బ్రదుకలేదు గనుక మన భక్తిలో లోపము కలదని తన్ను తాను నిందించుకొనుటయు భక్తి కాదు. తెలిసినవారినడిగి, చేయదగినది చేసి, ప్రక్కన నిలిచినచో ఆ దాంపత్యము తన కాయకమును పూర్తిచేసినది. మరణమును లింగైక్యమని పిలుచు సంప్రదాయము మనది. అందు మైల లేదు. భర్తను కోల్పోయిన స్త్రీ అశుభ కాదు. ఆమె లింగము, విభూతి, రుద్రాక్ష ఆమెవే. ఈ సత్యమును సమాజము ముందుగనే ఆచరించి చూపినచో, ఆపరేషను గది వెలుపల కూర్చున్న ఇల్లాలి చింతలో సగము తొలగును. ఏలయన ఆమె భయము కొంత భర్త ప్రాణమును గూర్చి, కొంత మనలను గూర్చి.

మననము చేయదగిన ప్రశ్నలు

1. చింతకును చింతనకును గల భేదమును మీ కుటుంబ జీవితమునుండి ఒక ఉదాహరణముతో చెప్పుడు.

2. శస్త్రచికిత్స వేళ ఇష్టలింగ విషయమున పాటింపదగిన క్రమమును మీ గురువునడిగి తెలిసికొని, ఇంటిలో అందరికిని చెప్పితిరా?

3. సహాయము చేయుట తెలిసిన మనకు, స్వీకరించుట ఎందుకు కష్టమగుచున్నది?

4. మీ వీధిలో ఆసుపత్రికి పోవు దంపతులు ఉన్నచో, ఈ వారమున మీరు చేయగల ఒక్క పని ఏది? దానిని వారు అడుగకమునుపే చేయుడు.

శరణు శరణార్థి.